నలభై మూడేళ్ళ వయసులో పానా పడితే ఇల్లు గడుస్తుందా?

ఉద్యోగం వదిలి ప్లంబింగ్ పనిలోకి దిగనా అని అడుగుతూ హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు నుంచి ఒక పాఠకుడు వివరంగా రాసిన ఉత్తరం ఇది. ఆయన ఎవరో తెలిసే వివరాలు తీసేసి, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆయనకు 43 ఏళ్ళు. సొంతూరు నల్గొండ జిల్లాలో. బీకామ్ చదివి, 16 ఏళ్ళుగా ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తున్నారు. చేతికి 26 వేలు వస్తాయి, అందులో బేసిక్ 14 వేలు. ఆ ఫ్యాక్టరీ వచ్చే మార్చికల్లా నగరానికి వంద కిలోమీటర్ల అవతలికి మారుతోంది. "వస్తే రండి, లేదంటే లెక్క చూసుకుని వెళ్ళండి" అని యాజమాన్యం చెప్పింది. భార్య ఇంట్లో బ్లౌజులు కుడుతూ నెలకు 7 వేల దాకా సంపాదిస్తారు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, కొడుకు ఎనిమిదో తరగతి. షుగర్ ఉన్న తల్లి వీళ్ళ దగ్గరే ఉంటారు. అద్దె, ఫీజులు, మందులు, చిట్టీ కలిపి నెలకు 33 వేలు ఖర్చు. వచ్చింది వచ్చినట్టే పోతుంది.

పైపుల పని మీద ఆయనకు మొదటి నుంచీ ఇష్టం. ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో కుళాయి కారినా, ఫ్లష్ ట్యాంక్ నిండకపోయినా పక్కవాళ్ళు ముందు ఆయన తలుపే తడతారు. తెలిసిన ప్లంబింగ్ మేస్త్రీ ఒకతను, ఈయన కన్నా బాగా చిన్నవాడు, "అన్నా, మా సైటుకు రా, రోజుకు 700 ఇస్తా, ఏడాదిలో పని నేర్పిస్తా" అన్నాడు. చిట్టీ పాడుకుని బండి, సామాను కొనుక్కుని దిగిపోదామని ఈయన ఆలోచన. మామగారు మాత్రం "డిగ్రీ చదివినోడు డ్రైనేజీ పైపులు పడతాడా? రేపు పిల్లకు సంబంధాలెట్లా వస్తయి?" అని మండిపడ్డారు. కొంచెం నేర్చుకుని గల్ఫ్‌కు పొమ్మని బావమరిది సలహా. ఈ మధ్య మోకాళ్ళు పట్టేస్తున్నాయని కూడా చివర్లో ఒక మాట రాశారు. "ఈ వయసులో నేను నేర్చుకోగలనా? ఇది మంచి ఆలోచనా, మూర్ఖత్వమా? రాత్రుళ్ళు నిద్ర లేదు, ఒకటే టెన్షన్" అని ముగించారు.

*

మీ ఉత్తరంలో మామగారి మాట ఉంది, బావమరిది మాట ఉంది, మేస్త్రీ మాట ఉంది. మీ భార్య ఏమన్నారో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఆవిడకు ఇంకా చెప్పలేదో, చెప్పినా ఆ మాట రాయాలని తోచలేదో నాకు తెలియదు. నేను చెప్పబోయే వాటన్నిటికీ ముందు ఇది చెప్పాలనిపించింది. ఎందుకో కింద లెక్క దగ్గర మీకే తెలుస్తుంది.

నేర్చుకోగలరా అన్న ప్రశ్నకు పెద్దగా ఆలోచించనక్కర్లేదు. నేర్చుకోగలరు. పదహారేళ్ళు స్టోర్స్ నడిపిన మనిషికి పైపును మలుపు తిప్పే ముప్పావు ఇంచు ఎల్బోకీ, కుళాయి బిగించే మరలున్న బ్రాస్ ఎఫ్‌టీఏకీ తేడా ఒక వారంలో పట్టుబడుతుంది. సీపీవీసీ వేడి నీళ్ళకు, యూపీవీసీ చల్ల నీళ్ళకు, ఎస్‌డబ్ల్యూఆర్ పైపు మురుగుకు అన్నది మీకు ఇప్పటికే తెలిసే ఉంటుంది. మీ అసలు సమస్య వయసు కాదు. నేర్చుకునే ఆ ఏడాది, ఏడాదిన్నర ఇల్లు ఎలా గడవాలన్నది.

ఆ లెక్క వేసి చూడండి. రోజుకు 700 అన్నా నెలలో 30 రోజులూ పని ఉండదు. సైటులో సామాను రాని రోజులు, సెంట్రింగ్ కోసం ఆగే రోజులు, పండగలు, వానలు ఉంటాయి. నెలకు 22 రోజులు దొరికితే 15,400. మీ భార్య సంపాదన కలిపితే 22,400. నెలకు 10,600 లోటు. ఏడాదికి 1,27,200. ఇప్పుడు మీకు రావలసిన గ్రాట్యుటీ చూద్దాం. బేసిక్ 14 వేలను 15తో గుణించి 26తో భాగించి, 16 ఏళ్ళతో గుణిస్తే దాదాపు 1,29,000. అంటే పదహారేళ్ళ కష్టానికి వచ్చే డబ్బు ఒక్క ఏడాది లోటుకు సరిపోతుంది. పనిముట్లు, అమ్మగారి ఆసుపత్రి ఖర్చు, పాప ఇంజనీరింగ్‌లో చేరితే కట్టాల్సిన మొదటి ఫీజు ఈ లెక్కలో లేనే లేవు. నేర్చుకోవడానికి ఏడాది బదులు ఏడాదిన్నర పడితే అప్పే.

ఈ లోటును రోజూ మోయాల్సింది ఎవరు? మీరు సైటులో ఉంటారు. పాలవాడికి రేపు ఇస్తానని చెప్పేదీ, అద్దె అయిదు రోజులు ఆలస్యమైతే ఓనరు ముందు నిలబడేదీ, రాత్రి ఇంకో రెండు బ్లౌజులు ఎక్కువ కుట్టేదీ మీ భార్య. అందుకే ఇది మీరు తేల్చుకుని ఆవిడకు చెప్పే విషయం కాదు, ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది. పై లెక్కను కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టండి. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో కుళాయి కారితే ప్లంబర్‌కు ఫోన్ చేసేది చాలాసార్లు ఆ ఇంటి ఆడవాళ్ళే. ఆ చుట్టుపక్కల బ్లౌజులు కుట్టించుకునే ఇళ్ళన్నీ మీ భార్యకు తెలుసు. ఏ ఇంట్లో డబ్బు సరిగ్గా ఇస్తారో, ఎవరు బేరం ఆడి ఆడి చివరికి ఎగ్గొడతారో కూడా ఆవిడకు తెలుసు. మీకు మొదటి పనులు మేస్త్రీ ఇవ్వకపోవచ్చు, ఆవిడ పరిచయాల్లోంచి రావచ్చు.

ఇక పని సంగతి. ప్లంబింగ్ అని ఒకే మాటగా అంటున్నాం కానీ అందులో రెండు వేర్వేరు బతుకులున్నాయి. మేస్త్రీ పిలుస్తున్నది కొత్త బిల్డింగుల పనికి. అక్కడ గోడకు గాడి కొట్టాలి, పైపుల కట్టలు నాలుగైదు అంతస్తులు మోయాలి, బాత్రూమ్‌కు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటారు కాబట్టి పరుగు మీద పని చెయ్యాలి. హైదరాబాద్ పెద్ద సైట్లలో ఒడిశా నుంచి వచ్చిన బృందాలు చాలా కనిపిస్తాయి. ఆ రాష్ట్రంలో కేంద్రపడా జిల్లా పట్టాముండై చుట్టుపక్కల ఊళ్ళకు ప్లంబింగ్ తరాల వృత్తి. అక్కడ ఈ పని కోసమే ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. చిన్నప్పటి నుంచి ఈ పనిలో ఉన్న కుర్రాళ్ళతో వేగంలో పోటీపడి మీరు నెగ్గుతారని నేను చెప్పలేను. పైగా బిల్డర్ బిల్లు ఆపితే మేస్త్రీ కూలీ ఆపుతాడు. కష్టం ఎంత చేసినా చేతికి డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియని లైను అది.

రెండోది రిపేర్ల పని. మీ వయసుకూ, మీ తీరుకూ ఇదే సరిపోతుందని నా నమ్మకం. పాత అపార్ట్‌మెంట్లు, ఇరవై ముప్పై ఏళ్ళ కింద జీఐ (జింకు పూత ఇనుము) పైపులు వేసిన ఇళ్ళు, బోరు నీళ్ళకు ఉప్పు పేరుకుపోయిన గీజర్లు, షవర్లు మీ చుట్టుపక్కలే కావలసినన్ని ఉన్నాయి. ఇక్కడ బలం కన్నా నిదానం ముఖ్యం. కింది ఫ్లాట్ సీలింగ్ మీద తడి మరక వచ్చిందనుకోండి. అది నీళ్ళ లైను లీకా, మురుగు పైపు జాయింటా, టైల్స్ సందుల్లోంచి దిగుతున్న నీరా? పైనున్న వాల్వ్ కట్టేసి రెండు రోజులు ఆగితే మరక ఆరుతుందా? బాత్రూమ్ వాడకుండా ఉంచి చూశారా? బాత్రూమ్ నేల మీద నీళ్ళు పోయే నహానీ ట్రాప్ మూసి నేల మీద నీళ్ళు నిలబెట్టి చూశారా? ఇవేవీ చూడకుండా గోడ పగలగొట్టేవాళ్ళు చాలామంది. ట్యాంక్ కడిగాక ఒక్క బాత్రూమ్‌లోనే నీళ్ళు రాకపోతే పైపులో గాలి అడ్డుపడి ఉండొచ్చు. అది తెలియనివాడు మంచి కుళాయి పీకేసి కొత్తది బిగిస్తాడు. పగలగొట్టకుండా జబ్బు కనిపెట్టి, ఏం చేశాడో ఇంటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి, వాడిన సామానుకు బిల్లు చూపించే ప్లంబర్‌ను జనం వదులుకోరు. ఫోన్ ఎత్తి, చెప్పిన టైముకు వచ్చేవాడి కోసం ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ వెతుకుతూనే ఉన్నారు. స్టోర్స్‌లో పదహారేళ్ళు మీరు చేసింది సరిగ్గా ఆ నమ్మకం పనే.

అయితే గోడ లోపల లైను ఎలా వెళ్తుందో తెలియాలంటే, లైను వేసేటప్పుడు కళ్ళతో చూసి ఉండాలి. మురుగు పైపుకు వాటం ఎంత ఇవ్వాలి, ట్రాప్‌లో నీళ్ళు నిలవకపోతే వాసన ఎందుకు వస్తుంది, ప్లాస్టరింగ్‌కు ముందు ప్రెషర్ టెస్ట్ ఎలా చేస్తారు, ఇవన్నీ కొత్త సైటులోనే నేర్చుకుంటారు. కాబట్టి సైటును పూర్తిగా వద్దనను. అది మీకు బడి, బతుకుతెరువు మాత్రం కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

కంపెనీతో పాటు వెళ్ళడం ఒకటి. దాన్ని మీరు ఒక్క లైనులో కొట్టేశారు. జీతం నిలుస్తుంది, కానీ రెండో అద్దె, రానుపోను ఛార్జీలు పోతే చేతిలో ఎంత మిగులుతుందో వేసుకోండి. అక్కడికి వెళ్ళాక ఎన్నేళ్ళు నడుస్తుందో కూడా అడగండి. ఒక ఏడాది అలా గడిపి, పాప చదువు ఒక దారిలో పడ్డాక మానేయడం కూడా తప్పేమీ కాదు. అయితే ఆ ఏడాదిలో ప్లంబింగ్ నేర్చుకోవడం దాదాపు కుదరదు, మీకు 44 నిండుతాయి.

మేస్త్రీ దగ్గర చేరడం రెండోది. చేరితే ముందే మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి. హెల్పర్‌గా చేరినవాడిని ఏడాదంతా గోడ కొట్టించడానికీ, సామాను మోయించడానికీ వాడుకోవడం మామూలే. మూడు నెలలకు జాయింట్లు, ఆరు నెలలకు బాత్రూమ్ ఫిట్టింగులు నా చేత చేయించాలి, కూలీ వారం వారం ఇవ్వాలి అని ఇప్పుడే అడగండి. అతను నవ్వి తప్పించుకుంటే మీకు జవాబు దొరికినట్టే. ఇంకోటి, అతను సైటులో అందరి ముందూ మిమ్మల్ని కసురుతాడు. ఇప్పుడు "అన్నా" అంటున్నవాడే పైపు తప్పు కోస్తే "ఏంది ఇది?" అంటాడు. పదహారేళ్ళుగా మీ సంతకం లేనిదే గేటు దాటని సామాను చూసిన మీకు అది నొప్పిగానే ఉంటుంది. దాన్ని ముందే మనసులో ఒప్పుకుంటే తప్ప అటు వెళ్ళకండి.

మూడో దారి మీ ఉత్తరంలో లేదు. శానిటరీ సామాన్ల షాపులో స్టోర్స్ పనికో, కౌంటర్ పనికో ప్రయత్నించండి. స్టాకు చూడ్డం తెలిసిన, లెక్క సరిగ్గా ఉండే మనిషి కోసం పెద్ద షాపులు చూస్తుంటాయి. ఇప్పటి జీతం రాకపోవచ్చు, సాయంత్రాలు ఆలస్యమవుతాయి. కానీ నెల నెలా డబ్బు వస్తుంది, రోజూ పదిమంది ప్లంబర్లు అక్కడికే వస్తారు, ఏ ఫిట్టింగ్ ఎక్కడ ఫెయిల్ అవుతుందో వాళ్ళ నోటి వెంటే వింటారు. షాపు సెలవు రోజున మేస్త్రీతో సైటుకు వెళ్ళొచ్చు. నేర్చుకోవడం నెమ్మదిగా సాగుతుంది, రెండేళ్ళు పట్టొచ్చు. ఇంటి లోటు మాత్రం తగ్గుతుంది. నా మొగ్గు ఇటే, దాచను.

పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో మెయింటెనెన్స్ ప్లంబర్‌గా చేరడం ఇంకొకటి. నెల జీతం, పీఎఫ్ ఉంటాయి, షిఫ్టులూ ఉంటాయి. అది కొంత పని వచ్చాకే దొరుకుతుంది కాబట్టి రెండో మెట్టుగా మనసులో పెట్టుకోండి.

కోర్సుల మాట. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఒక ఏడాది. పగలంతా క్లాసులుంటాయి, సంపాదన ఉండదు కాబట్టి మీ ఇంటికి అది కుదరదు. కొండాపూర్ వైపు హైటెక్స్ దగ్గర ఉన్న న్యాక్, అంటే 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తుంది. అది ఎక్కువగా నిరుద్యోగ యువత కోసం, వయసు పరిమితి ముందే అడగండి. పని ముందే నేర్చినవాళ్ళను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. మీకు రెండేళ్ళ తరవాత అది పనికొస్తుంది. ఇళ్ళ రిపేర్లకు ఎవరూ సర్టిఫికెట్ అడగరు. మెయింటెనెన్స్ కంపెనీలు అడుగుతాయి. చేతివృత్తులవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో పేరు రాయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అందులోని 18 వృత్తుల్లో ప్లంబింగ్ లేదు.

కంపెనీ నుంచి బయటికి వచ్చేటప్పుడు తొందరపడి రాజీనామా రాసివ్వకండి. మీరే మానేశారని రాయించుకుంటే ఒక లెక్క, వాళ్ళు తీసేశారంటే ఇంకో లెక్క. కార్మికుల కింద లెక్కకొచ్చేవాళ్ళకు తొలగింపు అయితే గ్రాట్యుటీ కాక ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఉంటుంది. స్టోర్స్ ఇన్‌ఛార్జ్‌గా మీరు ఆ నిర్వచనంలోకి వస్తారో లేదో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి మీ కాగితాలు చూపించి అడగండి. సంతకం పెట్టాక అడిగి లాభం లేదు. పదేళ్ళు దాటిన సర్వీసు కాబట్టి 58 ఏళ్ళకు మీకు పీఎఫ్ పెన్షన్ హక్కు ఉంటుంది. ఆ సర్వీసును నిలబెట్టే స్కీం సర్టిఫికెట్ పీఎఫ్ ఆఫీసు నుంచి తీసుకోండి. పీఎఫ్ డబ్బు మాత్రం దీని కోసం కదపకండి. చిట్టీ కూడా అంతే. ఇప్పుడే పాడితే ఎక్కువ కోతకు పోతుంది, అంత డబ్బుకు ఇప్పుడు పనేమీ లేదు. పైప్ రెంచ్, కట్టర్, పానాలు, హ్యాక్సా, టెఫ్లాన్ టేప్ లాంటివి నెలకు కొన్ని చొప్పున కొనుక్కోవచ్చు. బండి లేకుండా మీ కాలనీలో మొదలుపెట్టవచ్చు.

కంపెనీ ఇన్సూరెన్స్ పోగానే అమ్మగారి విషయంలో మీకు రక్షణ ఉండదు. రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల వరకు చికిత్స ఉంది, ఆ కార్డులో అమ్మగారి పేరు ఉందో లేదో ఇవాళే చూడండి. మీ బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా కట్టించుకోండి. ఒక్కోదానికి 2 లక్షలు. జీవిత బీమాలో 50 ఏళ్ళ లోపే చేరాలి. సైటులో 90 రోజుల పని పూర్తయితే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవచ్చు, ప్లంబర్లు కూడా దాని కిందికే వస్తారు.

ఒక విషయంలో మాత్రం సలహా కాదు, బతిమాలుతున్నాను. ఈ పనిలో దిగాక ఎవరో ఒకరు సెప్టిక్ ట్యాంకులోకో, మ్యాన్‌హోల్‌లోకో "కొంచెం దిగి చూడు" అంటారు. ఎంత డబ్బిచ్చినా దిగకండి. లోపల పేరుకున్న విషవాయువు ఒకటి రెండు పీల్పుల్లో మనిషిని పడేస్తుంది, కాపాడబోయిన రెండోవాడూ పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా అలా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. గీజర్, మోటారు ముట్టుకునే ముందు మెయిన్ ఆపడం కూడా మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

గల్ఫ్ మాట ఇప్పుడు పక్కన పెట్టండి. పని రాని మనిషి అక్కడికి హెల్పర్‌గానే వెళ్తాడు, ఈ వయసులో, అమ్మగారిని, పిల్లల్ని వదిలి. రెండేళ్ళ తరవాత చేతిలో పని ఉండి, అప్పుడూ వెళ్ళాలనిపిస్తే విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి. ప్రైవేటు ఏజెంటైతే రిజిస్టర్డ్ అయి ఉండాలి, చట్టం ప్రకారం అతను తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్‌టీ మాత్రమే. లక్షలు అడిగేవాడి దగ్గరికి పోవద్దు.

మామగారి కోపాన్ని పరువు పట్టింపుగా మాత్రమే చూడకండి. ఆయన కూతురు, మనవరాలు ఇబ్బంది పడతారేమోనన్న భయం అందులో ఎక్కువ ఉందని నాకనిపిస్తోంది. పరువు గురించి ఆయనతో వాదిస్తే మీరు ఓడిపోతారు, ఇంట్లో మీ భార్య ఇరుక్కుంటారు. బదులుగా లెక్కల కాగితం చూపించండి. ఎన్ని నెలల లోటుకు డబ్బు పక్కన పెట్టారో, ఎన్నాళ్ళకు పాత జీతానికి చేరకపోతే వెనక్కి తగ్గి వేరే ఉద్యోగం చూసుకుంటారో ఒక తేదీ చెప్పండి. ఆ గడువు మీకూ మంచిదే. పాప పెళ్ళి మాట ఇంకా చాలా ఏళ్ళ తరవాతిది. అప్పటికి మీకు అప్పులున్నాయా, పాప చదువు పూర్తయిందా అన్నవి సంబంధాలకు వచ్చేవాళ్ళు ముందు చూస్తారు. చిన్నచూపు చూసేవాళ్ళు ఉండరని మాత్రం అనను. ఉంటారు. మీ పాపకు ఈ మాట మీరే ముందు చెప్పండి, స్నేహితుల ద్వారా తెలిస్తే ఆ పిల్ల బాధపడుతుంది.

చివరికి మోకాళ్ళు. మీరు ఒక్క మాటలో రాసి వదిలేశారు, నేను వదలలేను. సింకు కింద, కమోడ్ వెనక గొంతుక్కూర్చుని చేసే పని ఇది. రోజుకు ఎన్నిసార్లు లేచి కూర్చోవాలో లెక్కే ఉండదు. మేస్త్రీకి మాట ఇచ్చే ముందు ఎముకల డాక్టరుకు చూపించి, చెయ్యబోయే పని ఇదీ అని వివరంగా చెప్పి అడగండి. కండరాల బలహీనత అయితే వ్యాయామంతో సరిపోవచ్చు, మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకుని పని చేసుకోవచ్చు. కీలు అరుగుదల మొదలైందంటే సైటు మాట మర్చిపోయి షాపు దారే చూడండి. అక్కడ నేర్చిన సరుకు జ్ఞానంతో రేపు మీరే చిన్న శానిటరీ షాపు పెట్టుకునే ఆలోచన చెయ్యొచ్చు. దానికి చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్ర పథకంలో, 'శిశు' అనే పేరున్న 50 వేల లోపు రుణం నుంచి మొదలుపెట్టి అప్పులు దొరుకుతాయి. ఆ డాక్టరు చీటీ వచ్చేదాకా మేస్త్రీని ఆగమనండి. మార్చికి ఇంకా టైముంది.